పిన్ని జిప్పులు, పొడుగు మాటలు

మా పిన్ని జిప్పులు బాగుచేస్తుంది. బ్యాగయినా, జాకెట్టయినా, సూట్‌కేసయినా సరే, మొండికేసిన జిప్పుని పట్టకారుతో నొక్కి దారికి తెస్తుంది. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి రంగురంగుల జిప్పుల చుట్టలు, మూలన ఎవరో వదిలేసిపోయిన ఎర్ర సూట్‌కేసు. వచ్చినవాళ్ళతో కబుర్లాడకపోతే ఆమెకి చెయ్యి ఆడదు.

ఈమధ్య ఆ వచ్చేవాళ్ళే కరువయ్యారు. బాబాయి ‘గది అద్దెకు’ అని బోర్డు రాయించి తెచ్చి తలుపు వెనక నిలబెట్టాడు.

“నెలాఖరుదాకా చూస్తానోయ్. తర్వాత ఇది బయట వేలాడుతుంది.”

“ముందు మిమ్మల్ని వేలాడదీస్తాను,” అంది పిన్ని. అంది కానీ, ఆ పూట కుట్టుమిషను చప్పుడే వినపడలేదు.

ఇంటర్నెట్ సెర్చ్‌లో ప్రకటన పెడదామన్నాను. ఎవరైనా ‘బ్యాగ్ రిపేర్’ అని వెతికితే మన కొట్టు పేరు కనపడుతుంది. దాన్ని నొక్కిన ప్రతిసారీ మనకి ఖర్చు. పొద్దున పెట్టాం. మధ్యాహ్నానికి దానికి కట్టిన డబ్బంతా ఖాళీ. గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. ఆరా తీస్తే, నొక్కింది బాబాయి.

“మన కొట్టు పేరు అంత ముచ్చటగా కనపడుతుంటే నొక్కకుండా ఎలా ఉంటాను? మా ఆఫీసులో అందరిచేతా నొక్కించాను!”

“మూసేయమన్న కొట్టేగా అది?” అంది పిన్ని.

“మూయడం వేరు, చూసుకోవడం వేరు.”

చేతిలో మిగిలింది కాస్తే. పొట్టి మాటల కోసం పెద్ద షాపులు ఎగబడతాయి కాబట్టి వాటి ధర మనకి అందదని, ఎవరికీ పట్టని పొడుగు మాటలు చవకని, వాటిని లాంగ్‌టెయిల్ కీవర్డ్స్ అంటారని పిన్నికి చెప్పాను.

“పొడుగంటే ఎంత పొడుగే?”

“వెతికేవాళ్ళ ఓపికని బట్టి, పిన్నీ.”

“ఆ మాట ముందే చెప్పొద్దూ! ఇక్కడికొచ్చి ‘బ్యాగ్ రిపేర్’ అని ఊరుకున్నవాళ్ళని నేనెప్పుడూ చూళ్ళేదు. పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తారు.”

ఇక ఆమె చెప్పడం, నేను టైపు కొట్టడం. ‘సూట్‌కేసు మీద కూర్చున్నా జిప్పు పడట్లేదు’. ‘రైలుకి టైమైంది బ్యాగు జిప్పు ఊడి చేతికొచ్చింది’. ‘జాకెట్ జిప్పులో గడ్డం ఇరుక్కుంది’. ‘జిప్పు వీపు మీద ఇరుక్కుంది బయటికి రాలేకపోతున్నాను’. నవ్వలేక మా ఇద్దరికీ పొట్టలు పట్టేశాయి.

“ఇలా ఎవరు వెతుకుతారోయ్, పిచ్చి పడితే తప్ప!” అన్నాడు బాబాయి.

“మీరు మాత్రం నొక్కకండి!” అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

రైలు తప్పిపోతుందంటూ ఒకాయన వచ్చాడు. గడ్డం ఇరుక్కున్నాయన నిజంగానే వచ్చాడు. అయినా బాబాయి కంటికి అది ఆనలేదు. నెలాఖరు సాయంత్రం చంకలో బోర్డు, చేతిలో సుత్తితో తలుపు తీశాడు. తీసి, కెవ్వున అరిచాడు.

గుమ్మంలో ఎలుగుబంటి.

“జిప్పుల ఆంటీ ఇల్లు ఇదేనాండీ?” అంది అది. బొమ్మల షాపు ముందు నిలబడి పిల్లలకి చెయ్యూపే ఎలుగుబంటట. “ఈ పంజాలతో టైపు కొట్టడం అవక, ఫోన్‌కి నోటితోనే మొర పెట్టుకున్నానండీ. జిప్పు వీపు మీద ఇరుక్కుంది, బయటికి రాలేకపోతున్నాను, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా తల్లీ అని. మీ పేరొక్కటే వచ్చింది!”

పిన్ని మొహం వెలిగిపోయింది. “ఏవండీ, ఆ సుత్తి అక్కడ పడేసి దీని భుజాలు పట్టుకోండి!”

“కరవదు కదా?”

పిన్ని జిప్పుకి సబ్బు రుద్దింది. ఊపిరి బిగబట్టమంది. ఎలుగుబంటి తుమ్మింది. ఆ తుమ్ముకి బాబాయీ ఎలుగుబంటీ కలిసి ఎర్ర సూట్‌కేసు మీద పడ్డారు, ఆ కుదుపుకే జిప్పు సర్రున జారింది. లోపల్నుంచి కళ్ళజోడు పెట్టుకున్న బక్కపలచటి కుర్రాడు చెమటలు కక్కుతూ బయటపడ్డాడు.

“మా షాపులో కుందేలూ పెంగ్వినూ కూడా ఉన్నాయండీ. వారానికోసారి ఎవరో ఒకళ్ళం ఇరుక్కుంటాం. అందరివీ మీరే చూసిపెట్టాలి,” అని దణ్ణం పెట్టాడు.

బాబాయి బట్టలు దులుపుకున్నాడు. బోర్డు వంక చూశాడు, పిన్ని వంక చూశాడు, చివరికి నావైపు తిరిగాడు.

“అమ్మాయ్, ఆ పొడుగు మాటల్లో పెంగ్విన్ అని రాశావా లేదా?”

పెంగ్విన్ మర్నాడే వచ్చింది. దానికి కూర్చోవడం రాదు. బోర్డుని బల్లకి ఏటవాలుగా ఆనించి దాని మీద బోర్లా పడుకోబెట్టాం. జారిపోకుండా కాళ్ళు పట్టుకున్నది బాబాయే.