నేను నున్నగా అరగదీసిన సముద్రపు లిల్లీ

2022 ఎండాకాలం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నా గ్రానైట్ దుకాణం. కొంగరకలాన్ వైపు ప్లాట్లలో ఇళ్లు లేస్తున్నాయి, వంటింటి గట్లకు రాయి కోయడానికే తీరిక లేదు. అప్పుడు బడంగ్‌పేట్ నుంచి సునీత అనే టీచర్ ఆటోలో ఒక రాతి పలక తెచ్చింది.

పలక మీద పొడుగాటి కాడ, దాని కొసన విచ్చుకున్న పువ్వు ఉబ్బెత్తుగా ఉన్నాయి.

"గిది పువ్వు కాదన్నా, సముద్రంల బతికిన జీవి. సముద్రపు లిల్లీ, సైఫోక్రినైటిస్ అంటరు. కోట్ల ఏండ్ల కింద రాయైంది. గా జాతే ఇప్పుడు లేదు."

ఓడలో వంటవాడిగా పనిచేసిన వాళ్ల నాన్న దాన్ని మొరాకో నుంచి మోసుకొచ్చాడట. తన సమాధి మీద అదే పెట్టమని చెప్పి ఈమధ్యే కన్నుమూశాడు.

"ఎనక జర చదును చెయ్యన్నా, కదలకుండ కూసోవాలె. ముందట ముట్టకు."

"ఫికర్ చెయ్యకు చెల్లె" అన్నాను.

వెనక చదును చేసి, పలక తిప్పాను. ముందువైపు అంతా గరుకు. గరుకు ముఖంతో రాయి బయటికి పంపితే మా పనిలో పరువు తక్కువ. రాయి సంగతి ఈ పిల్లకేం తెలుసు, గ్రానైట్ గీతల్లాగే పువ్వూ లోపలిదాకా ఉంటుంది, మెరుగు పెడితే ఇంకా తేలుతుంది అనుకున్నాను. గ్రైండింగ్ అంటే బిళ్లలతో అరగదీయడం, బఫింగ్ అంటే మెరుగు పెట్టడం. రెండూ నా చేతులతోనే చేశాను. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

సునీత వచ్చింది. "చూడు చెల్లె, అద్దం లెక్క చేసిన. దీనికి పైసలొద్దు" అన్నాను గొప్పగా.

ఆమె పలక మీద చెయ్యి రాసింది. మళ్లీ రాసింది. "అన్నా, బాపు పువ్వేది?"

కాడ ఉన్నచోట నాలుగు సున్నాల్లాంటి మచ్చలు మిగిలాయి. మిగతాదంతా పొడై నీళ్లతో మోరీలోకి పోయింది. "ఇంకోటి తెప్పిస్త" అన్నాను. ఎంత సిగ్గులేని మాట!

"తెప్పిస్తవేమో. బాపు తెచ్చింది కాదు గదా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఇగ చదునుగనే ఉంది గదా, బాపు పేరు చెక్కు" అంది. ఒక్కో అక్షరం కొలిచి చెక్కాను.

ఇప్పుడు ఎవరు రాయి తెచ్చినా ఏది ముట్టుకోకూడదో మొదట అడుగుతాను. కానీ సిగ్గు పోలేదు. ఆ సమాధి చూసినవాళ్లు నా దుకాణం వెతుక్కుంటూ వస్తారు. "అన్నా, గా రాయి మస్తు మెరుస్తుంది. నువ్వే చేసినవంట గదా, మాకు గట్లనే కావాలె" అంటారు.

"అవ్, నేనే చేసిన" అంటాను, తలెత్తకుండా.