గ్రాఫిక్స్ కార్డులకు కూలర్ గాలి

2013 మే 19, ఆదివారం. ఇంట్లో ఉన్నవారు: నేను, మా ఆవిడ, బిల్డర్లకు కంప్యూటర్‌లో ఇళ్ల బొమ్మలు తయారుచేసి ఇచ్చే మా అమ్మాయి.

మర్నాడు ఉదయానికి ఆమె ఒక కాలనీ బొమ్మలు పంపాలి. అవి నచ్చితే ఏడాది పని ఇస్తానని బిల్డర్ మాట ఇచ్చాడు. కంప్యూటర్‌లో ఆ బొమ్మలు తయారుచేసే రెండు గ్రాఫిక్స్ కార్డులు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. రాయ్‌పూర్ ఎండలకు పైది మరీ వేడెక్కేది, దాని ఫ్యాన్లు పిండిమరలా మోగేవి.

"ఏటీ మోత, బుర్ర ఖరాబైపోతంది," అంది మా ఆవిడ.

అమ్మాయి స్నానానికి వెళ్లగానే కంప్యూటర్ పక్కరేకు విప్పి, వట్టివేళ్ల కూలర్‌ను దానికి ఎదురుగా జరిపాను. కాసేపటికి మోత తగ్గింది. ఇంటిల్లిపాదికీ హాయినిచ్చే గాలి యంత్రానికీ మంచిదేనని నా నమ్మకం.

అమ్మాయి వచ్చి చూసి, కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది. నేను వంగి చూశాను. కార్డుల నిండా సన్నటి నీటి తుంపర.

"నాన్నా, దానికి గాలి కావాలి గానీ పానీ కాదు," అంది అమ్మాయి.

"సబ్బు కూడా పెట్టేయకపోయారా," అంది మా ఆవిడ.

కార్డులు రెండూ విప్పి, ఫ్యాను కింద పొడిగుడ్డ మీద ఆరబెట్టాం.

మర్నాడు ఉదయం ఒక్క కార్డే పనిచేసింది. బొమ్మలు సగమే అయ్యాయి. అమ్మాయి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబితే, సాయంత్రానికి పంపితే చాలన్నాడు బిల్డర్. ఆమె కూలర్‌ను మా గదిలోకి తోసి, తన గది తలుపు గడియ పెట్టుకుంది.