ఇంటికో గొర్రెపిల్ల

ర్యాంకెంత అని అడిగితే ర్యాంకు చెప్పాలి, అంతే గదా అనుకుంది రజిని, మెడికల్ కాలేజీ హాస్టల్లో దిగిన రోజు. చెప్పింది కూడా. రూములో ఉన్న ఇద్దరూ డాక్టర్ల కూతుళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఓహో" అన్నారు. నీ కులమేందని నోరు తెరిచి అడిగితే మర్యాద కాదంట, ర్యాంకు అడిగితే మర్యాదంట! ఏం మర్యాదలో, మండిపోను.

ఆ పొద్దు మొదలు ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి తనూ నాలుగనేది. మెస్సులో పళ్లెం పట్టుకుని పోతే పక్క కుర్చీలో బ్యాగు పెట్టేసేవాళ్లు. సీనియర్లు నోట్సు పంపే వాట్సాప్ గ్రూపొకటి ఉందని అనాటమీ ఫెయిలైనాక గానీ ఆమెకు తెలియలేదు.

దసరా సెలవులకు రాచర్ల దగ్గర వాళ్లూరికి ఆటోలో వస్తా వస్తా గట్టిగా అనుకుంది. ఈసారి నాయనకు చెప్పేయాల, ఇంక పోనని.

చెప్పేది ఎట్ల? వాళ్లు గొర్రెలు కాసేవాళ్లు. తెగులొచ్చి మంద పోయినోడికి ఇంటికో గొర్రెపిల్ల ఇచ్చి మళ్లీ నిలబెట్టడం వాళ్ల ఆనవాయితీ. రజినికి సీటొచ్చినప్పుడు ఆమె నాయన వెంకటస్వామికి ఏ తెగులూ రాకుండానే ఇంటికోటి ఇచ్చినారు. "ఇవి అమ్ముకుంటా పాపను చదివించుకో సామీ" అన్నారు. పాపం, మంచి మనుషులే. ఆ మంచితనమే ఆమె కాళ్లకు బంధమైంది. వీధిలో నడిస్తే ముసలోళ్లు కూడా అరుగు మీంచి లేచి "డాక్టరమ్మా" అంటారు. ఆ పిలుపు వింటే ఆమె తల దించుకుని గబగబా నడుస్తుంది.

తెల్లారి, మందను తోలుకుపోబోతున్న నాయనను ఆపింది. "నాయనా, నీకొక మాట చెప్పాల."

"చెప్పమ్మా" అంటా ఆయన ఆగినాడో లేదో, చిన్నమ్మ అలివేలమ్మ తన కూతురు అంజలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అంజలి ఈ ఏడే ఇంటర్ పాసైంది.

"వచ్చినావా నా తల్లీ! మీ చిన్నాయన దీనికి చదువు చాలంటాన్నాడు, మందెంట పంపిస్తానంటాన్నాడు. మా రజిని చదవడంలా, ఇదీ డాక్టరే చదువుతాదని నేను కొట్లాడతాన్నా. ఇదేమో బయపడతాంది. నువ్వు చెప్పు, నీ మాటైతే వింటాది."

అంజలి తలెత్తింది. "అక్కా, ఆ పెద్దింటి పిల్లలు నిన్ను బాగా చూసుకుంటారా?"

రజిని నాయన వైపు చూసింది. నాయన కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నాడు. నిజం చెప్తే తన చదువుతోపాటు ఈ పిల్ల చదువూ ఈ వాకిట్లోనే ఆగిపోతుంది.

"సొంత అక్కచెల్లెళ్ల మాదిరి చూస్తారే" అంది.

అలివేలమ్మ మొహం చాటంతైంది. "విన్నావా? ఇంక మీ నాయనతో నేను మాట్లాడతా పద" అని కూతుర్ని తీసుకుని పోయింది.

వెంకటస్వామి కర్ర భుజానేసుకున్నాడు. "ఏందో చెప్పాలన్నావు గదమ్మా?"

సెలవులు ఇంకా వారం ఉన్నాయి.

"ఏం లేదు నాయనా. రేపే పోవాల, పరీక్షలున్నాయి" అంది రజిని.