పైమడి నీళ్లు

కింది వాటాలో ఎవరో చేత్తో జొన్నరొట్టె తడుతున్నారు. టపటపమని ఆ చప్పుడు, దాని వెనకే పెనం మీద కాలుతున్న పిండి వాసన మా వంటింటి దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే మా మనవడు కాగితం పట్టుకొచ్చి, పట్నం వదిలి చిన్న ఊరికి మకాం మారిస్తే మంచిచెడ్డలేమిటి నానమ్మా అని అడిగాడు. నీళ్లున్నాయా, బడి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, అన్నీ రాసుకున్నాడు. మనం వెళ్లడం వల్ల అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లకు మంచా, చెడ్డా అన్న ముక్క మాత్రం అందులో లేదు. నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు. మా నాన్న కూడా ఇలాంటి పట్టికే చదివేవాడు. అందులో తిమ్మక్క పేరు ఎప్పుడూ ఉండేది కాదు.

తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన కొత్తలో, కృష్ణా డెల్టాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని మేం బళ్లారి జిల్లా తెక్కలకోటకు వచ్చాం. అప్పటికి అది మైసూరు రాష్ట్రం. నాకు పదకొండేళ్లు. లారీలోంచి సామాన్లు ఇంకా దించుతుండగానే పక్కింటి తిమ్మక్క తట్టలో రొట్టెలు, చెనక్కాయల పొడి పట్టుకొచ్చింది. మా అమ్మకంటే పెద్దది. మొగుడు పోయాక రెండెకరాల జొన్నచేను ఒంటిచేత్తో సాగుచేసుకుంటున్న మనిషి.

“దిగిన పొద్దు పొయ్యి రాజేయొద్దమ్మా. తినండి,” అంది మా అమ్మతో.

మా నాన్న రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, “మా వైపు జొన్నలు గొడ్లకు పెడతామమ్మా,” అన్నాడు, అదో వేళాకోళం అనుకుని.

“ఈడ మనుసులే తింటారప్పా. అందుకే గొడ్డుచాకిరీ చేస్తాండాం,” అంది ఆమె, నవ్వకుండా.

నాకు ఆమె ఆ క్షణంలోనే నచ్చింది. బడిలో కన్నడం రాక నేను ఏడుస్తుంటే తన అరుగు మీద కూర్చోబెట్టుకుని నేర్పింది. తిట్లతో మొదలుపెట్టింది. తిట్టు వస్తే మాట దానంతటదే వస్తాది అనేది. నెల తిరిగేసరికి నేను బడిలో ఎవరికీ లొంగని దాన్నయ్యాను. ఇవతల మా అరుగు మీద నాన్న, కృష్ణా డెల్టా నుంచి వచ్చే చుట్టాలకు పట్టిక చదివేవాడు. భూమి చవక, కూలీలు చవక, కాలువ నీళ్లు. చెడ్డలంటారా, ఎండ, కన్నడం, మంచి కాఫీగింజ దొరకదు. అంతే.

మా పొలం మెరకలో ఉండేది, తిమ్మక్క చేను దాన్ని ఆనుకుని పల్లంలో. మేం మడులు కట్టి వరి వేశాం, నీళ్లు నిండుగా నిలబెట్టాం. ఒకరోజు పొద్దున్నే ఆమె గట్టు మీదికి వచ్చింది.

“ఏందప్పా ఇది? నల్లనేలలో ఇన్ని నీళ్లు నిలబెడితే కిందికి దిగి నా చేను చౌడెక్కుతాది. గట్టు పక్కన మురుగుకాలవ తవ్వించు.”

“తాతల నాటి నుంచి వరి పండిస్తున్నాం. నువ్వు నాకు నేర్పుతావా?” అన్నాడు నాన్న.

తాతల నాటి నుంచి పండించిన మాట నిజమే. మా డెల్టాలో మురుగుకాలువలు సర్కారే తవ్వి ఉంచింది. మడి దాటిన నీరు ఎటు పోతుందో మా వంశంలో ఎవరూ ఆలోచించలేదు. పైగా కాలువ తవ్వితే గట్టు పొడవునా మూరెడు నేల పోతుంది. ఆ మూరెడు కోసమే ఇదంతా.

తిమ్మక్క నన్ను తన చేలోకి తీసుకెళ్లి, తడి మట్టి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకోమంది. ఉప్పు.

“మీ మడి కింద నుంచి వస్తాండాది పాపా. చదువుకుంటాండావు కదా, మీ నాయనకు చెప్పు,” అంది.

ఆ పూట భోజనాల దగ్గర చెప్పాను. అమ్మ నా మోకాలు గిల్లింది. నాన్న తల ఎత్తకుండా, “అన్నం తిను,” అన్నాడు.

ఆ యేడు ఆమె జొన్న మోకాలెత్తున ఆగి పసుపెక్కింది. మూడో యేటికి నేల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర, గింజ మొలవలేదు. తిమ్మక్క ఊరి చావడిలో పెద్దలను కూర్చోబెట్టింది. నాన్న వెంట నేనూ వెళ్లాను. మా నాన్న కండువా సర్దుకుని, “నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నేనేం చేసేది?” అన్నాడు.

“నిజం దేవుని దాకా ఎందుకప్పా? నీకే తెలుసు,” అంది తిమ్మక్క.

అప్పుడు ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, “ఈ పాప దినామూ ఆ చేన్లోనే తిరుగుతాంటాది. ఏమ్మా, నువ్వేం చూసినావు?” అన్నాడు. నాన్న నన్ను చూశాడు. నేను నోరు తెరిచేలోగా తిమ్మక్క చెయ్యెత్తింది.

“బ్యాడ, పాపను అడగొద్దండి. అది ఆ ఇంట్లోనే కూడు తినాల.”

బతుకుజీవుడా అనుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. కాలువ నీటికి ఎవరినీ తప్పుపట్టలేమని పెద్దలు లేచిపోయారు.

తరువాత మా నాన్న ఆ పాడు నేలను ‘జాలిపడి’ కొన్నాడు, ఆమె అడిగినంతకు కాదు, తను ఇచ్చినంతకు. కొన్న వేసవిలో చేయించిన మొదటి పని ఏమిటో తెలుసా? గట్టు పక్కన మురుగుకాలువ తవ్వించడం! ఆమె చెప్పిన చోటే, ఆమె చెప్పినట్టే. రెండేళ్లలో చౌడు కడుక్కుపోయి అక్కడా వరి నిలిచింది. చౌడును బంగారం చేశాడని చుట్టాలు ఆయన్ని మెచ్చుకున్నారు. పట్టికలో ఒక మంచి పెరిగింది.

ఆ మడిలోకి తిమ్మక్క నాట్లకు కూలికి వచ్చింది. నాకప్పుడు పదహారేళ్లు. మజ్జిగ ఇవ్వబోయి, అన్నేళ్లుగా లోపల దాచుకున్నది అడిగేశాను.

“ఆరోజు చావడిలో వాళ్లను ఎందుకు ఆపావు తిమ్మక్కా?”

నా మీది ప్రేమ కొద్దీ అని చెబుతుందనుకున్నాను. ఆమె నడుం నిలబెట్టి, నారు కట్ట చేతిలో అలాగే పట్టుకుని నన్ను చూసింది.

“అడిగింటే చెప్పేదానివా?”

మజ్జిగ చెంబు గట్టు మీద పెట్టేశాను. ఆమె మళ్లీ వంగి నాటుకుంటూ వెళ్లిపోయింది.

తరువాత ఉద్యోగంలోనూ, చుట్టాల్లోనూ, ఎవరికి అన్యాయం జరిగినా పిలవకపోయినా లేచి మాట్లాడాను. గయ్యాళి అన్నారు. అనుకోనీ. ఆమె బతికున్నన్నాళ్లూ మాత్రం ఆమె అడిగిన ఆ ప్రశ్నకు నేను జవాబు ఇవ్వలేదు. చెప్పేదాన్ని కాదు, తిమ్మక్కా.