పేరు కింద రెండు గీతలు

శాస్త్రీయ నామం ఎలా రాయాలో తెలియకుండానే నేను రెండేళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. గద్వాలలో ఒక జూనియర్ కాలేజీ, నేను కాంట్రాక్టు లెక్చరర్‌ని. మొక్క పేరులో రెండు మాటలుంటాయని తెలుసు: ఇంటిపేరులా ముందు ప్రజాతి, సొంత పేరులా వెనక జాతి. కానీ రెంటికీ మొదట ఇంగ్లిష్ పెద్దక్షరాలే పెట్టి, కింద పొడవుగా ఒకే గీత గీసేవాణ్ని. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు సీనియర్ రికార్డు చూసి దించిన విద్య అది. ఆయన తన సీనియర్‌ది చూసి దించాడు. అచ్చమైన గురుపరంపర, అందులో గురువు మాత్రం లేడు.

మల్దకల్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ రెండో ఏడు వానాకాలమంతా కాలేజీకి సరిగా రాలేదు. వాళ్లది విత్తనపత్తి చేను. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు తీసేయాలి, పొద్దున్నే వేరే పువ్వు తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ రోజుల్లో ఇంట్లో ఒక్క చేయీ ఖాళీగా ఉండదు. అందరూ సీనియర్ల రికార్డులు పంచుకునే వేళకు ఆమె చేనులో ఉంది. తర్వాత సొంతంగా రాసి తెచ్చింది. పత్తి బొమ్మ కింద పేరులో మొదటి మాటకే పెద్దక్షరం, రెండోదానికి చిన్నక్షరం, ఒక్కోదాని కింద విడివిడిగా గీత. నేను అడ్డంగా కొట్టేశాను.

“అట్ట లోపల గిట్లనే రాయమని ఉన్నది సార్,” అన్నది.

రికార్డు అట్ట లోపల సూచనలు అచ్చేసి ఉంటాయి. వాటిని నేనెన్నడూ చదవలేదు. ఆ మాట ఒప్పుకోలేక, అందరూ రాసినట్టే రాయమన్నాను. ఆమె మొత్తం తిరిగి రాసింది.

ప్రాక్టికల్స్‌కు నాగర్‌కర్నూల్ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. పేర్లు తప్పు రాసినందుకు మిగతావాళ్లకు తలా ఒక మార్కు కోసి ఊరుకున్నాడు. ఈ అమ్మాయిని మాత్రం, హాజరు తక్కువని చూసి, పేరెలా రాయాలని అడిగాడు. తడుముకోకుండా చెప్పింది. ఆయన రికార్డు తెరిచి చూపించాడు.

“గింత తెలిసి గిట్ల రాసినవంటే, ఇది నువ్వు రాసింది కాదు.”

రికార్డు మార్కుల దగ్గర సున్నా పెట్టబోయాడు. అవి పోతే ఆమె ప్రాక్టికల్స్ తప్పుతుంది. ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది. నా పేరు ఎత్తలేదు.

వచ్చే ఏడు నన్ను ఉంచాలా వద్దా అన్నది ప్రిన్సిపాల్ చేతిలో ఉంది. ఆయన చెవి ఈ ఎగ్జామినర్‌కు దగ్గర. కాసేపు గోడ మీది ఆకు పటం చూస్తూ నిల్చున్నాను. ఆ కాసేపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

“తప్పు పిల్లది కాదు సార్. మొదలు సరిగ్గనే రాసింది. నేనే కొట్టేసి మళ్ల రాయించిన.”

ఆయన కలం ఆపాడు. “మరి మార్కులు ఎవరియి కొయ్యాలె సార్?”

ఆమె మార్కులు ఆమెకు పడ్డాయి. నాకు పడాల్సినవీ పడ్డాయి: ప్రిన్సిపాల్ నెలరోజులు నా నమస్కారానికి జవాబివ్వలేదు.

రికార్డులు పిల్లలకు తిరిగిచ్చే రోజు దగ్గరపడింది. వాటికోసం జూనియర్లు అప్పటికే కాచుకుని ఉన్నారు. దించొద్దంటే వినే వయసు కాదు వాళ్లది. నాకూ వినే వయసు ఈమధ్యే వచ్చింది. మూడు రోజులు కూర్చుని, ప్రతి రికార్డులో ప్రతి పేరూ కొట్టేసి, పక్కనే సరిగా రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఇప్పుడు దించుకోండి, అనుకున్నాను.