నేమ్ సర్వర్‌లో మా ఆయన సినిమా

పక్కింట్లో ఏం కూర వండారో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. ఈ గుణం మా అమ్మకు అస్సలు నచ్చేది కాదు గానీ, తర్వాత నాకు ఉద్యోగంలో అక్కరకొచ్చింది ఇదే. ఫిలింనగర్‌లో సినిమాలకు ఆన్‌లైన్ ప్రచారం చేసే ఒక ఆఫీసులో వెబ్‌సైట్ల పని చూస్తాను. మా ఆయన కో-డైరెక్టరు. అంటే చాలా సినిమాలకు పనిచేశాడు, ఒక్కదానికీ దర్శకుడిగా పేరు పడలేదు. ఆయనది కోనసీమ, నాది బోరబండ, కాపురం యూసుఫ్‌గూడలో.

ఎట్టకేలకు ఆయన కథ ఒక నిర్మాతకు నచ్చింది. ఆనాటి నుంచి "వచ్చే నెలే ఓపెనింగ్" అనే మాట మా ఇంటికి పాలప్యాకెట్టులా క్రమం తప్పకుండా వస్తూనే ఉంది. నెలలు పోతున్నాయి, ఓపెనింగ్ మాత్రం వచ్చే నెలలోనే ఉంటోంది. టైటిల్ ఏమిటంటే చెప్పడు. కొబ్బరికాయ కొట్టేలోపు పేరు బయటపడితే సినిమా మొదలవదని ఆయన సెంటిమెంట్. వెనక ఒకసారి కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్న పేరును ఇంకెవరో ప్రకటించేశారట, ఆ కథ కాస్తా అటకెక్కింది. అప్పటినుంచి కట్టుకున్నదానికి కూడా చెప్పడు. నాలాంటి మనిషికి మొగుడి సినిమా పేరు తెలియకపోవడం ఎంత శిక్షో మీరే ఆలోచించండి.

ఇలా ఉండగా ఒక డైలీ సీరియల్ వాళ్లు ఆయన్ని డైరెక్టరుగా రమ్మన్నారు. చాలాకాలం నడిచే పని. వారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. సినిమా నిజమైతే ఈ సీరియల్ ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే అందులోంచి బయటపడటం కష్టం. సినిమా ఉత్త మాటే అయితే దీన్ని వదులుకోవడం అంతకంటే తప్పు. మా ఆయన వద్దనడానికే మొగ్గుతున్నాడు. మీ సినిమా నిజంగా ఉందా అని నేను ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ ప్రశ్నకే మనిషి కుంగిపోతాడు.

అడక్కుండా తెలుసుకునే దారి ఒకటి ఆయన మాటల్లోనే దొరికింది. టైటిల్ రిజిస్టర్ చేయించామని, ఆ పేరుతో వెబ్‌సైట్ అడ్రసు కూడా కొనిపెట్టామని, నిశ్చింతగా ఉండమని నిర్మాత చెప్పాడట. మా రంగంలో ఇది మామూలే. పేరు ప్రకటించకముందే అడ్రసు కొనేస్తారు, లేకపోతే ఇంకొకడెవడో కొని దాని మీద కూర్చుంటాడు. నిర్మాత చెప్పిన మిగతావన్నీ నాకు అందని సంగతులు. వెబ్‌సైట్ పేరు మాత్రం నా ఇలాకా.

ఆ నిర్మాత వెబ్‌సైట్లన్నీ జూబ్లీహిల్స్‌లో మాలాంటిదే ఇంకో ఆఫీసు చూస్తుంది. వాళ్లకు సొంత నేమ్ సర్వర్ ఉంది. ఫలానా పేరుగల వెబ్‌సైట్ ఎక్కడుందో చెప్పే కంప్యూటర్ అన్నమాట. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. ఫలానావారు ఉంటారా అంటే మూడో అంతస్తు అంటాడు. అసలిక్కడ ఎవరెవరుంటారు అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూసి గేటు వేసేస్తాడు. సర్వరూ అంతే. పేరు చెప్పి అడిగితే జవాబిస్తుంది. నీ దగ్గరున్న పేర్లన్నీ చెప్పు అంటే చెప్పదు, అలా అడిగే ఏర్పాటే లేదు. నాకేమో ఆ పేరే తెలియదు.

అయినా వాచ్‌మన్ చెప్పకపోతే ఊరుకుంటామా? ఊళ్లో అందరి అడ్రసులూ ముందేసుకుని, ఈ అపార్ట్‌మెంట్ పేరు రాసుకున్నవాళ్లను ఏరుకోవచ్చు. డాట్‌కామ్ పేర్లలో ఏది ఏ నేమ్ సర్వర్ కింద ఉందో చెప్పే పెద్ద జాబితా ఒకటుంటుంది. దాన్ని తిరగేసి, ఒక్కో సర్వర్ కింద ఏయే పేర్లున్నాయో చూపించే సైట్లున్నాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో అందరూ భోజనానికి కిందికి దిగాక, నేను టిఫిన్ డబ్బా తెరుచుకుని ఆ సర్వర్ పేరు కొట్టాను.

పళ్ల డాక్టరు, పెళ్లి మండపం, కుక్కలకు క్షవరం చేసే దుకాణం, బిర్యానీ హోటలు, ఒక స్వామీజీ. వాటి మధ్యలో ఏ వ్యాపారానికీ అతకని పేర్లు కొన్ని కనిపించాయి. చూడగానే సినిమాలని తెలిసిపోయింది. లోకానికి "ప్రొడక్షన్ నంబర్ నాలుగు" అని మాత్రమే చెప్పి, డ్రైవర్ల దగ్గర్నుంచి అందరి నోళ్లూ కట్టేసి, చివరికి అసలు పేరును తెచ్చి పళ్ల డాక్టరు పక్కన నిలబెట్టారు. నాకు నవ్వు ఆగలేదు. అన్నం చల్లారిపోయింది, కాసేపు నేను వెతుకుతున్నది ఏమిటో కూడా మరిచిపోయాను.

వాటిలో మా ఆయనది ఏది? కథ నాకు తెలుసు గానీ, మన సినిమాల్లో ఏ కథకు ఏ పేరైనా పెట్టొచ్చు. అందుకని ఆ పేర్లు ఒక్కొక్కటే మాటల్లో కలిపి ఆయన మీద ప్రయోగించడం మొదలుపెట్టాను. పొద్దున ఇడ్లీ వడ్డిస్తూ, ఇవాళ ఉప్పుగాలి తగులుతోంది చూశారా అన్నాను. యూసుఫ్‌గూడకు ఉప్పుగాలి ఎక్కడిది? ఆయన చట్నీ అడిగాడు. మర్నాడు బోరబండలో మూడో వంతెన కడుతున్నారట అన్నాను. ట్రాఫిక్ తగ్గుతుందిలే అన్నాడు. ఇంకో రోజు ఏ సంబంధమూ లేకుండా తడి టపాసు మాట ఎత్తాను. చేతిలో గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగాడు. దొరికింది అనుకున్నాను.

"ఏంటి నువ్వు, రోజుకో కొత్త పదం వదుల్తున్నావు నా మీద?"

దొరికింది నేనే. ఇక దాచి లాభం లేదని సర్వర్, జాబితా, పళ్ల డాక్టరు అన్నీ చెప్పేశాను. నిర్మాత మాట మీద నాకు నమ్మకం కుదరలేదని కూడా చెప్పాను. గొడవ అవుతుందనుకున్నాను. ఆయన తల దించుకుని, ఆ జాబితాలో అన్ని పేర్లూ ఉంటాయా అని అడిగాడు. ఉండవన్నాను. డాట్‌ఇన్ లాంటివి అందులోకి రావు, మరీ కొత్తగా కొన్నవి కూడా ఒక్కోసారి తప్పిపోతాయి. ఆ మాటకు ఆయన మొహంలో చిన్న ఆశ కనిపించింది.

"మరి ఖాయంగా తెలియాలంటే?" అన్నాడు.

"సర్వర్‌నే అడగాలె. పేరు తెల్వకుంటే అడగలేను. తెలిస్తే ఒక్క నిమిషంల చెప్త."

లేచి బాల్కనీలోకి వెళ్లాడు. కింద షూటింగులకు పోయేవాళ్లు రోజూలాగే గుంపుగా నిలబడి బండి కోసం చూస్తున్నారు. సీరియల్ వాళ్లకు జవాబు చెప్పాల్సిన రోజు మర్నాడే. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించి పేరు చెప్పాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ సెంటిమెంట్ నాకూ అంటుకుంది. చాలా మంచి పేరు, అంతవరకే చెప్తాను. నేను వెతికిన జాబితాలో దానికి దగ్గరగా వచ్చేది కూడా లేదు.

లాప్‌టాప్ తెచ్చి ఆ సర్వర్‌ను అడిగాను. డాట్‌కామ్ అడిగాను, డాట్‌ఇన్ అడిగాను, పేరు వెనక "సినిమా" అని తగిలించి అడిగాను. ప్రతిసారీ నాకు తెలియదు పొమ్మంది. వేరేచోట కొన్నారేమోనని పేర్లు అమ్మేవాళ్ల దగ్గర కూడా చూశాను. పేరు ఖాళీగా ఉంది, కావాలంటే ఇప్పుడే కొనుక్కోవచ్చని వాళ్ల సైట్ చూపించింది. నిర్మాత కొననేలేదు. ఆ మనిషి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అన్నాళ్లు దాచుకున్న పేరు ఈయన మొదటిసారి నాకు నోరు విప్పి చెప్పింది, అది లేదని తెలుసుకోవడానికా?

"ఎవరి దగ్గరా లేదా?" అన్నాడు.

"ఎవ్వల దగ్గర లేదు."

ఆయన తెరకేసి చూస్తూ, అయితే మనం తీసుకోవచ్చా అని అడిగాడు. తీసుకోవచ్చన్నాను. అప్పటికప్పుడే నా పేరు మీద కొని, మా ఆఫీసులో అడిగి మా నేమ్ సర్వర్ కింద పెట్టాను. ఆ సినిమా కోసం అప్పటిదాకా ఎవరైనా నిజంగా చేసిన పని అదొక్కటే. మర్నాడు ఆయన సీరియల్ వాళ్లకు ఫోన్ చేసి వస్తానన్నాడు. నిర్మాతకు కూడా ఫోన్ చేసి, కథ ఇంకొకరికి చెప్పుకుంటానన్నాడు. ఆ రెండో ఫోన్ నేను వంటింట్లో ఉండి విన్నాను.

ఇప్పుడు ఆదివారాల్లో కథ తిరగరాస్తున్నాడు. మొన్న రాస్తూ రాస్తూ ఆగి, నాలాంటి వాళ్లు ఎవరైనా మా సర్వర్‌లో ఏమున్నాయో వెతికితే ఆ పేరు కూడా కనపడుతుందా అని అడిగాడు. ఆయన భయం నాకు తెలుసు. తీసేద్దామంటే తీసేద్దాం అనుకుంటూనే నిజం చెప్పాను.

"కనపడ్తది."

"కనపడనీలే" అన్నాడు.