తాటిచెట్టు ఎక్కని తాత

2022 వేసవి. టెక్కలిలో ఓ చిన్న ఆసుపత్రిలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. భావనపాడు దగ్గరి ఊరి నుంచి సింహాచలం తాతను మనవరాలు లావణ్య తీసుకొచ్చింది. తుంటినొప్పి. వయసులో కొన్నాళ్లు మిలటరీలో ఉన్నాడనీ, తిరిగొచ్చాక తాటిచెట్టు మీంచి పడి కుంటుతున్నాడనీ ఆ పిల్లే చెప్పింది.

మా వైపు మగవాళ్ల మొలతాడు ఓ చిన్న బీరువా. తాళంచెవులు, పిన్నీసులు, తాయెత్తు అన్నీ దానికే వేలాడతాయి. ఇలాంటి బయటి వస్తువులు ఫిల్మ్‌లో తెల్లగా పడి ఎముకను కప్పేస్తే దాన్ని ఆర్టిఫాక్ట్ అంటాం. అందుకే ముందే మొలతాడు తీయించాను. అయినా తుంటి చుట్టూ తెల్లటి ముక్కలు కనిపించాయి. నాకు చిరాకేసింది.

"తాతా, ఇంకా ఏటి దాసినావు?"

"ఏటీ నేదమ్మా. అన్నీ ఈ పిల్ల సేతిలో ఎట్టీసినాను."

లేటరల్ వ్యూ, అంటే పక్కనుంచి ఇంకో ఫిల్మ్ తీశాను. ముక్కలు కండలోనే ఉన్నాయి. ఇనుము! తాటిచెట్టుకు ఇనుప ముక్కలెక్కడివని అడిగాను.

తాత బల్లమీద లేచి కూర్చున్నాడు. "డెబ్బయ్యొకటి యుద్ధంలో బాంబు పేలినాదమ్మా. పనికిరావని ఇంటికి పంపీసినారు. గాయం పింఛను అడిగితే కాయితాల్లేవు, దెబ్బ యుద్ధంలోది కాదన్నారు. మా ఊరి టీకొట్టు కాడ కూడా నమ్మక నవ్వినారు. ఇసుగొచ్చి తాటిసెట్టనీసినాను."

"ఓలమ్మ!" లావణ్య నోరెళ్లబెట్టింది. "మామ్మ ఎప్పుడూ అంటాది, ఈ మనిసికి సెట్టెక్కడం ఎప్పుడొచ్చునని!"

ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వుతూనే తాత కళ్లు తుడుచుకున్నాడు. తన దెబ్బ నిజమేనని ఒక్కరైనా అంటారని యాభై ఏళ్లు ఎదురుచూశాడు పాపం.

మా డాక్టరుగారు, కండలో లోహపు ముక్కలున్నాయని, గాయం పాతదని రిపోర్టు రాసిచ్చారు. అది ఏ యుద్ధంలోదో ఎక్స్‌రే చెప్పదు కదా! లావణ్య ఊరుకోలేదు. ఆ రిపోర్టుతో పింఛనుకు మళ్లీ అర్జీ పెట్టించింది. తాతతోపాటు మిలటరీలో ఉండి, తర్వాత సాలూరులో లారీ తోలిన పాత సిపాయిని వెతికి పట్టుకుని సాక్ష్యం ఇప్పించింది. మెడికల్ బోర్డు, అంటే మిలటరీ డాక్టర్ల బృందం, తాతను పిలిచి పరీక్షించింది.

మరుసటి ఏడాది తాత జీడిపప్పు పొట్లంతో వచ్చాడు. పింఛను మంజూరైంది. గదిలోకి వస్తూనే మొలతాడు విప్పి బల్లమీద పెట్టేశాడు.

"ఇప్పుడెందుకు తాతా?"

"పాత పిల్ము బోర్డోళ్లు ఉంచీసుకున్నారు. ఇంకోటి తియ్యమ్మా. టీకొట్టు కాడ ఏలాడదీస్తాను."

కంప్యూటర్లో ఉన్నదే ప్రింటు తీసిస్తానని చెప్పి మొలతాడు కట్టించాను.

ఫిల్మ్‌లో ఉండకూడనిది కనిపిస్తే నేనిప్పుడు కసురుకోను. స్టూలు లాక్కుని కూర్చుని, ఇదెలా వచ్చిందని అడుగుతాను. తాత మాత్రం ఆ టీకొట్టులో ఫిల్మ్‌ను వెలుతురుకు పెట్టి, వచ్చినవాళ్లకల్లా ఒక్కో ముక్కా చూపిస్తున్నాడట. తాటిచెట్టు మాట ఎవరూ ఎత్తడం లేదు.